గొట్టం వేశారంటే ఆశ వదులుకోవాలా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది కూకట్‌పల్లి. మా నాన్నగారికి 66 ఏళ్ళు. బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. పదిహేనేళ్ళుగా షుగరు ఉంది. పోయిన వారం మూత్రంలో మంట, చలిజ్వరం మొదలయ్యాయి. మా వీధిలోని ఆర్‌ఎంపీ గారు రెండు రోజులు ఇంజక్షన్లు చేసి సెలైన్ ఎక్కించారు. జ్వరం తగ్గింది గానీ మూడో రోజు నాన్న మగతగా అయిపోయారు. ఎప్పుడో చనిపోయిన మా నానమ్మతో మాట్లాడటం మొదలుపెట్టారు. నీరసం వల్ల అనుకున్నాం. ఆ రాత్రి ఆయాసం వచ్చింది. ఒక నర్సింగ్‌హోమ్‌లో ఐసీయూ లేదన్నారు, ఇంకోచోట బెడ్ లేదన్నారు, మూడోచోట చేర్చుకున్నారు. సెప్టిక్ షాక్ అని చెప్పి తెల్లవారేలోపే వెంటిలేటర్ పెట్టారు. ఇవాళ నాలుగో రోజు. బీపీ నిలబడటానికి మందు ఎక్కుతోంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరుగుతోందని డయాలసిస్‌కు సంతకం అడుగుతున్నారు. మా పెద్దనాన్న "గొట్టం వేశాక ఎవరూ తిరిగి రారు, డబ్బు కోసం ఉంచుకుంటారు, ఇంటికి తీసుకుపోదాం" అంటున్నారు. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు "ఎంతైనా ఖర్చు పెడదాం, ఏదీ ఆపొద్దు" అంటున్నాడు. గాంధీకో నిమ్స్‌కో మార్చమని ఇంకొందరు. నాన్నకు మా మాటలు వినబడతాయా? నొప్పి తెలుస్తుందా? మేం ఆలస్యం చేయడం వల్లే ఇలా అయిందా? ఏం చేయాలో తోచడం లేదు.
(ఒక కూతురు, కూకట్‌పల్లి)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం వచ్చిన పూటే ఇది రాస్తున్నాను. ముందు మీకు పంపించి, ఆ తరువాతే ఇక్కడ ప్రచురిస్తున్నాం. మీ నాన్నగారిని నేను చూడలేదు, ఆయన కేస్‌షీటూ చూడలేదు. కాబట్టి అక్కడి డాక్టర్లు చేస్తున్నది తప్పో ఒప్పో ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పను. రేపు వాళ్ళను మీరు ఏం అడగాలో, వాళ్ళ జవాబును ఎలా అర్థం చేసుకోవాలో చెప్పగలను.

మీ పెద్దనాన్నగారి మాటతో మొదలుపెడతాను. అది ఆయన ఒక్కరి మాట కాదు. హైదరాబాదులో ఏ ఐసీయూ ముందు కుర్చీల్లో కూర్చున్నా గంట తిరక్కుండా చెవిన పడుతుంది.

వెంటిలేటర్ ఏ జబ్బునూ నయం చేయదు. ఊపిరి తీసే పనిని కొన్నాళ్ళు తన మీద వేసుకుంటుంది. మీ నాన్నగారి జబ్బు మూత్రనాళాల్లో మొదలైంది. అక్కడి సూక్ష్మజీవులతో పోరాడబోయి ఒళ్ళు అదుపు తప్పి, తన అవయవాలనే దెబ్బతీసుకోవడం మొదలుపెట్టింది. దీన్ని సెప్సిస్ అంటారు. రక్తనాళాలు సడలిపోయి, సెలైన్ తగినంత ఎక్కించాక కూడా బీపీ నిలబడకపోతే అది సెప్టిక్ షాక్. రక్తంలో ఆమ్లం పేరుకుంటుంటే దాన్ని వదిలించుకోవడానికి మనిషి వేగంగా, లోతుగా ఊపిరి తీస్తాడు. ఆ రాత్రి మీరు చూసిన ఆయాసం బహుశా అదే. గంటల తరబడి అలా తీస్తే ఛాతీ కండరాలు చేతులెత్తేస్తాయి. పైగా మగతలో ఉన్న మనిషికి ఉమ్మి, వాంతి ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంటుంది. అలాంటప్పుడు గొట్టం వేయకుండా వేచి చూస్తే గుండె ఆగిపోవచ్చు. అంటే మీ నాన్నగారికి ముందు ప్రాణం మీదికి వచ్చింది, అందువల్ల గొట్టం వేశారు. జనం ఈ వరుసను తిరగేసి, గొట్టం వేయడం వల్ల పోయారు అంటారు. వెంటిలేటర్ దాకా వచ్చేవాళ్ళలో చాలామంది అప్పటికే బాగా దిగజారి ఉంటారు కనుక చావులు అక్కడ ఎక్కువే. ఆ చావులకు కారణం మాత్రం యంత్రం కాదు.

అసలు ఐసీయూ అనేదే ఈ పనికోసం పుట్టింది. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో పోలియో విరుచుకుపడింది. మొదటి వారాల్లో శ్వాస కండరాలు పడిపోయిన 31 మందిలో 27 మంది చనిపోయారు. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు, గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టి, రబ్బరు సంచీని చేత్తో ఒత్తుతూ గాలి పంపవచ్చని చూపించాడు. అన్ని యంత్రాలు ఎక్కడివి? వైద్య విద్యార్థులను వందల సంఖ్యలో పిలిపించి, వంతుల వారీగా రాత్రింబగళ్ళు ఆ సంచీలు ఒత్తించారు. చనిపోయేవారి సంఖ్య సగానికి పైగా తగ్గింది. మరుసటి ఏడాది ఇబ్సెన్ అలాంటి రోగులందరినీ ఒకేచోట చూసే వార్డు మొదలుపెట్టాడు. ఇవాళ్టి ఐసీయూలకు మూలం అదే. గొట్టం వేసినవాళ్ళు తిరిగి వస్తారని తేలడం వల్లనే ఆ వార్డులు పుట్టాయి.

ఇక డబ్బు సంగతి. "చనిపోయినవాళ్ళను వెంటిలేటర్ మీద ఉంచి బిల్లు వేస్తారు" అనే మాటలో గుండె ఆగిపోయిన శరీరం గురించైతే నిజం లేదు. రక్తం తిరగని దేహంలోకి ఎంత గాలి ఊదినా కొన్ని గంటల్లో బిగుసుకుపోతుంది, చర్మం రంగు మారుతుంది, చూసిన ఎవరికైనా తెలుస్తుంది. మెదడు పూర్తిగా చనిపోయి గుండె మాత్రం కొట్టుకుంటున్న స్థితి వేరు. అవయవ మార్పిడి కోసం 1994లో చేసిన చట్టం ప్రకారం నలుగురు వైద్యుల బృందం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి దాన్ని ధ్రువీకరించాలి. మీ నాన్నగారిది అదీ కాదు. అయితే తేలే ఆశ లేదని తెలిసీ ఆ మాట నోరు విప్పి చెప్పకపోవడం, అక్కర్లేని పరీక్షలు రోజూ రాయడం ఈ ఊళ్ళో జరగవని నేను బుకాయించను. జరుగుతాయి. దానికి మందు రోగిని ఇంటికి మోసుకుపోవడం కాదు, నిలదీసి అడగడం. రోజుకు ఒకసారైనా లోపలికి వెళ్ళి చూడనివ్వమనండి. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం, అడిగిన 72 గంటల్లోగా రికార్డుల నకళ్ళు ఇవ్వడం డాక్టర్ల బాధ్యత. వాటిని మీరు నమ్మే మరో డాక్టరుకు చూపించండి. సవ్యంగా పనిచేసే ఐసీయూ దానికి నొచ్చుకోదు.

లోపలికి వెళ్ళినప్పుడు ఏం చూడాలో చెబుతాను. చాలామంది మానిటర్ మీద ఎగిరిపడే గీతలు చూసి హడలిపోతారు. అది చాలాసార్లు మోగేది వేలికి పెట్టిన క్లిప్పు జారడం వల్లనే. దాన్ని వదిలేయండి. మంచం పక్కన స్టాండుకు బిగించిన చిన్న పెట్టెలు ఉంటాయి, సిరంజిని కొద్దికొద్దిగా నెడుతుంటాయి. వాటిలో ఒకదాని మీద నార్‌ఎడ్రినలిన్ అని రాసి ఉంటుంది. మీరు చెప్పిన బీపీ మందు సాధారణంగా అదే. దాని తెర మీద గంటకు ఎన్ని ఎంఎల్ పోతోందో అంకె కనిపిస్తుంది. సిరంజిలో మందు ఎంత చిక్కగా కలిపారన్న దాన్ని బట్టి ఆ అంకె మారుతుంది కాబట్టి మీరే లెక్కలు కట్టకండి. "నిన్న ఇదే వేళకు ఎంత ఉంది, ఇవాళ ఎంత ఉంది, కలిపే మోతాదు మార్చారా?" అని నర్సును అడగండి. సగటు బీపీ (పై బీపీ, కింది బీపీలను కలిపి యంత్రం లెక్కకట్టే అంకె) 65 దగ్గర నిలబడుతూ ఆ మందు రోజురోజుకూ తగ్గుతోందంటే షాక్ వదులుతోందన్నమాట. బీపీ అంకె బాగుంది గానీ మందు రెట్టింపయిందంటే బాగున్నది అంకె మాత్రమే.

మంచం కింద వేలాడే మూత్రం సంచీ చూడండి. దానికి గీతలు ఉంటాయి, నర్సులు గంట గంటకూ రాసుకుంటారు. అరవై డెబ్భై కిలోల మనిషికి గంటకు 30 నుంచి 35 ఎంఎల్ తగ్గకుండా రావాలి. తరువాత వెంటిలేటర్ మీద ఆక్సిజన్ శాతం. గది గాలిలో ఉండేది 21. నూటికి నూరుతో మొదలై ఇప్పుడు 40కి వచ్చిందంటే ఊపిరితిత్తులు కోలుకుంటున్నట్టు. లాక్టేట్ అనే రక్తపరీక్ష ఒకటి ఉంటుంది, ఒంటికి రక్తం సరిగా అందనప్పుడు అది పెరుగుతుంది, 2 లోపు ఉంటే మంచిది. ఈ నాలుగూ ఎటు నడుస్తున్నాయో ఒక పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. "చాన్సులు ఎంత సార్?" అని అడిగితే ఏ డాక్టరైనా "ఏమీ చెప్పలేం, క్రిటికల్" అని తప్పించుకుంటాడు. "నిన్నటి కంటే ఏది మెరుగైంది, ఏది దిగజారింది?" అని అడగండి, తప్పించుకోవడం కుదరదు.

చాన్సులు అడగకూడదని నా ఉద్దేశం కాదు. నిజం చెప్పాలంటే సెప్టిక్ షాక్ చాలా పెద్ద జబ్బు. 2016లో దానికి కొత్త నిర్వచనం ఇచ్చిన నిపుణులు, ఆ నిర్వచనం కిందికి వచ్చే రోగుల్లో ఆస్పత్రి మరణాలు 40 శాతానికి పైగా ఉన్నాయని లెక్క చెప్పారు. అదే సమయంలో మూత్రనాళాల్లో మొదలైన సెప్సిస్, ఊపిరితిత్తుల్లోనో పొట్టలోనో మొదలైన దానికంటే మెరుగ్గా లొంగుతుంది. అది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అలా లొంగాలంటే ఒకటి జరిగి ఉండాలి. మీ ఉత్తరం చదవగానే నాకు మొదట తట్టిన ప్రశ్న అదే: కిడ్నీలకు స్కాన్ తీశారా? షుగరు ఉన్నవాళ్ళలో కిడ్నీలో చీము పట్టడం, గ్యాస్ చేరడం, రాయి అడ్డుపడి మూత్రం నిలిచిపోవడం ఎక్కువ. లోపల చీము నిలిచి ఉండగా ఎంత ఖరీదైన యాంటీబయాటిక్ ఎక్కించినా అది అక్కడికి సరిగా చేరదు. మూత్రనాళంలో స్టెంటు వేసో, వీపు వైపు నుంచి సన్నని గొట్టం పెట్టో దాన్ని బయటికి తీయాలి. ఆ పని గంటల్లో జరగాలి గానీ రోజులు గడవకూడదు. బహుశా తీసే ఉంటారు, ఏమీ అడ్డు లేదనే తేలి ఉండవచ్చు. అయినా అడగండి. "స్కాన్‌లో ఏం కనిపించింది? యూరాలజిస్టు చూశారా? రక్తం, మూత్రం కల్చర్లలో ఏ సూక్ష్మజీవి వచ్చింది, ఇప్పుడు ఇస్తున్న మందు దాని మీద పనిచేస్తుందా?" కల్చర్ అంటే సూక్ష్మజీవిని మొలిపించి గుర్తించే పరీక్ష, నాలుగో రోజుకు దాని రిపోర్టు సాధారణంగా వచ్చేస్తుంది.

ఇంకో పని మీ చేతుల్లోనే ఉంది. ఆర్‌ఎంపీ గారు చేసిన ఇంజక్షన్ల పేర్లు కనుక్కోండి, ఖాళీ సీసాలు దొరికితే అవే తీసుకెళ్ళండి. ఆయన మీద పోట్లాటకు వెళ్ళకండి, వెళితే పేర్లు చెప్పరు. జ్వరానికీ ఒళ్ళునొప్పులకూ చేసే డైక్లోఫెనాక్, ఇన్ఫెక్షనుకు చేసే జెంటామైసిన్, ఎమికాసిన్ వంటివి కిడ్నీలను దెబ్బతీయగలవు. ముందే యాంటీబయాటిక్ పడి ఉంటే కల్చర్‌లో ఏమీ మొలవకపోవచ్చు. అలాగే నాన్నగారి షుగరు మాత్రల పట్టీలన్నీ సంచీలో వేసుకుని వెళ్ళండి. మెట్‌ఫార్మిన్ కిడ్నీలు పనిచేయనప్పుడు లాక్టేట్‌ను పెంచగలదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి మూత్రంలోకి చక్కెరను వదిలించి షుగరు తగ్గిస్తాయి. షుగరు అంకె పెద్దగా పెరగకుండానే రక్తంలో ఆమ్లం పెరిగే స్థితిని ఇవి తెచ్చిపెట్టగలవు. ఈ వివరాలు చికిత్సను మార్చేవి. రాత్రివేళ హడావిడిగా చేర్చిన రోగుల కేస్‌షీట్లలో తరచూ లేకుండా పోయేవి కూడా ఇవే.

డయాలసిస్ సంతకం గురించి. ఇది జీవితాంతం వారానికి మూడుసార్లు చేయించుకునే డయాలసిస్ అనుకుని చాలామంది భయపడతారు. షాక్‌లో కిడ్నీలు మొరాయించడం వేరు. షాక్ తగ్గాక కొన్ని వారాల్లో తిరిగి పనిచేయడం మొదలుపెట్టేవి చాలానే. పదిహేనేళ్ళ షుగరు కాబట్టి ఆయన కిడ్నీలు ఇంతకుముందే ఎంత దెబ్బతిన్నాయో పాత రిపోర్టులు చెబుతాయి. ఇంట్లో ఏ ఫైల్లో ఉన్నాయో వెతికి పట్టుకెళ్ళండి. క్రియాటినిన్ అంకె పెరిగినంత మాత్రాన ముందుగానే డయాలసిస్ మొదలుపెడితే అదనంగా మేలు లేదని పెద్ద పరిశోధనల్లో తేలింది. పొటాషియం ప్రమాదకరంగా పెరగడం, ఆమ్లం మందులకు లొంగకపోవడం, మూత్రం రాక నీరు ఊపిరితిత్తుల్లోకి చేరడం, ఈ కారణాలుంటే మాత్రం వాయిదా వేయడానికి లేదు. "ఏ కారణంతో?" అని ఒక్క ప్రశ్న వేయండి. వీటిలో ఏదైనా చెబితే సంతకం పెట్టేయండి. బీపీ తక్కువగా ఉన్నవాళ్ళకు గంటల తరబడి నెమ్మదిగా చేసే పద్ధతి ఉంది, అది అక్కడ ఉందో లేదో కూడా కనుక్కోండి.

ఆస్పత్రి మార్చడం విషయంలో నా సలహా సూటిగా చెబుతాను: బీపీ మందు పెరుగుతున్న దశలో, డబ్బు పూర్తిగా చేతులెత్తేస్తే తప్ప, కదిలించకండి. కూకట్‌పల్లి నుంచి పంజాగుట్టలోని నిమ్స్‌కైనా, ముషీరాబాద్‌లోని గాంధీకైనా దూరం ఎక్కువ కాదు, సాయంత్రం పూట ట్రాఫిక్ మాత్రం ఎంతకైనా తెగిస్తుంది. దారిలో పంపు ఆగినా, గొట్టం జారినా, సిలిండర్ అయిపోయినా నిమిషాల్లో ప్రాణం పోతుంది. అక్కడి డాక్టర్లు మంచివాళ్ళు కాదని కాదు, గాంధీ, ఉస్మానియా ఐసీయూల్లో చేయి తిరిగిన వైద్యులు ఉన్నారు. ఉన్న వెంటిలేటర్ బెడ్ల కోసం తెలంగాణ నలుమూలల నుంచీ రోగులు వస్తుంటారు, అదీ చిక్కు. "వెళ్ళి చూద్దాం, ఎవరో తెలిసినవాళ్ళు ఉన్నారు" అని బయల్దేరి, క్యాజువాలిటీ బయట అంబులెన్సులోనే చేత్తో గాలి ఒత్తుతూ గంటలు గడిపే దుస్థితి తెచ్చుకోవద్దు. మార్చక తప్పకపోతే ఈ డాక్టరు ఆ డాక్టరుతో ఫోనులో మాట్లాడాలి. ఫలానా వెంటిలేటర్ బెడ్ మీ నాన్నగారి పేరుతో ఉంచామని అక్కడివాళ్ళు ఒప్పుకోవాలి. అంబులెన్సులో వెంటిలేటర్, బ్యాటరీతో నడిచే పంపులు, నిండు సిలిండర్లు, గొట్టం జారితే తిరిగి వేయగల మనిషి ఉండాలి. వీటిలో ఒక్కటి తక్కువైనా ఆగండి.

డబ్బు మాట కూడా దాచుకోకండి. రోజుకు ఎంత అవుతోంది, మందులు కలిపి ఎంత, ఇంకా ఎన్ని రోజులు పట్టవచ్చు అని లెక్క అడగండి. మీరు ఎంత భరించగలరో మొహమాటం లేకుండా డాక్టరుకు చెప్పండి. ఆ మాట బిల్లింగ్ కౌంటరులో చెబితే ప్రయోజనం లేదు. చికిత్స నిర్ణయించే మనిషికి తెలిస్తే కొన్ని పరీక్షలు తగ్గుతాయి, కొన్ని మందులకు చవక రకాలు వస్తాయి. రేషన్ కార్డు ఉంటే, ఆ ఆస్పత్రి ఆరోగ్యశ్రీ జాబితాలో ఉందా, ఈ చికిత్స దాని కిందికి వస్తుందా అని ఆస్పత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడగండి. 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల వరకు పరిమితి పెంచారు. ఇల్లు తాకట్టు పెట్టే కాగితాల మీద సంతకం మాత్రం ఆస్పత్రి వరండాలో నిలబడి చేయకండి.

నాన్నగారికి వినబడుతుందా అని అడిగారు. వినబడుతుందనుకునే మాట్లాడండి. గొట్టం బాధ తెలియకుండా నొప్పి మందు, మత్తు మందు ఇస్తారు. ఈ రోజుల్లో మనిషి పూర్తిగా స్పృహ తప్పేలా కాకుండా పిలిస్తే కళ్ళు తెరిచేటంత మత్తులోనే ఉంచడానికి ప్రయత్నిస్తారు, రోజూ కాసేపు మందు తగ్గించి చూస్తారు కూడా. ఆ సమయంలో కొందరు గింజుకుంటారు. లేనివాళ్ళు కనిపిస్తున్నట్టు పైకి చేతులు చాస్తారు. చేతులకు మెత్తని పట్టీలు కట్టి ఉంటే హింస అనుకోకండి, గొట్టం లాగేసుకోకుండా కడతారు. ఇవాళ ఏ వారమో, ఇప్పుడు పగలో రాత్రో, ఆయన ఎక్కడున్నారో, ఎందుకున్నారో నెమ్మదిగా చెప్పండి. మెలకువ వచ్చే దశలో ఆయన కళ్ళజోడు, చెవి మిషను ఉంటే అవి నర్సుకు ఇచ్చి పెట్టమనండి. ఐసీయూలో వచ్చే మతిభ్రమ తగ్గడానికి ఇవి నిజంగా పనికొస్తాయి. మంచం దగ్గర నిలబడి బాకీల గురించీ, పొలం పంపకాల గురించీ మాట్లాడే చుట్టాలను బయటికి పంపే అధికారం మీకుంది. వాడండి.

ఇప్పుడు ఆలస్యం సంగతి. గంటలు విలువైనవే, కాదనను. షాక్ అని గుర్తించిన గంటలోగా యాంటీబయాటిక్ పడాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అలాగని జ్వరం తగ్గిన పెద్దాయన మగతగా ఉంటే నీరసం అనుకోని ఇల్లు ఎక్కడా లేదు. మీరు గుర్తించలేకపోయింది, కొత్తగా డ్యూటీలో చేరిన డాక్టర్లు సైతం తడబడే సంగతి. నా కోపమంతా మిమ్మల్ని గుమ్మంలోంచి పంపేసిన ఆ రెండు చోట్ల మీద. బెడ్ లేకపోవడం నిజమే కావచ్చు. ఆక్సిజన్ పెట్టడానికి, సెలైన్ మొదలుపెట్టడానికి, రక్తం తీసి మొదటి యాంటీబయాటిక్ ఇవ్వడానికి ఐసీయూ బెడ్ అక్కర్లేదు. ప్రాణాపాయంలో ఉన్నవాళ్ళకు ముందు వైద్యం చేయడం ప్రతి డాక్టరు బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది.

ఇది చదువుతున్న మిగతావాళ్ళ కోసం నాలుగు మాటలు. ఇంట్లో పెద్దవాళ్ళకు ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు థర్మామీటర్ ఒక్కటే పట్టుకుని కూర్చోకండి. గడియారం పెట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు ఛాతీ లేస్తోందో లెక్కపెట్టండి. కదలకుండా పడుకున్న మనిషికి 22 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే జాగ్రత్తపడాలి. 1888, 1889లలో నిజాం ఖర్చుతో ఇదే ఊళ్ళో, అప్పట్లో ఆపరేషన్లకు మత్తుగా ఇచ్చే క్లోరోఫారం మీద రెండు విచారణ కమిషన్లు జరిగాయి. నడిపించినది బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. మత్తిచ్చేటప్పుడు నాడి కంటే శ్వాసనే కనిపెట్టుకుని ఉండాలని ఆయన పట్టుబట్టాడు. క్లోరోఫారం గుండెను నేరుగా ఆపదన్న ఆయన వాదన తరువాత నిలబడలేదు గానీ, శ్వాసను చూడమన్న మాటకు మాత్రం ఇప్పటికీ ఎదురు లేదు. మన ఆస్పత్రుల చార్టుల్లో అందరికీ 18, 20 అని లెక్కపెట్టకుండానే రాసేసేది కూడా దాన్నే! శ్వాస వేగంతో పాటు కొత్తగా తికమకగా మాట్లాడటం, పై బీపీ 100 కిందికి రావడం, పొద్దుటి నుంచి మూత్రం రాకపోవడం, కాళ్ళూ చేతులూ చల్లబడటం, వీటిలో రెండు కలిసినా 108కి ఫోను చేయండి. 2005 ఆగస్టు 15న ఆ సేవ మొదలైంది హైదరాబాదులోనే. ఆటోలో మూడు ఆస్పత్రులు తిరగడం కంటే అది మేలు. జ్వరం తగ్గిందన్న ధీమా వద్దు, సెప్సిస్ ముదిరితే ఒళ్ళు చల్లబడవచ్చు కూడా. మగతగా ఉన్న షుగరు రోగికి ముందు వేలి చుక్కతో షుగరు చూడటం మరవకండి.

చివరికి మీ ఇంట్లో తేలాల్సిన విషయం. పెద్దనాన్నగారూ తమ్ముడూ రెండు కొసలు పట్టుకుని లాగుతున్నారు, మధ్యలో మీరు నలుగుతున్నారు. నాలుగో రోజున, తగ్గగల ఇన్ఫెక్షనుతో, జబ్బు పడేదాకా తన పని తాను చేసుకున్న 66 ఏళ్ళ మనిషిని ఇంటికి తీసుకుపోవడం నాకు సమ్మతం కాదు. లామా (డాక్టర్ల సలహాకు వ్యతిరేకంగా తీసుకెళ్తున్నాం) అని రాయించుకుని, అంబు బ్యాగు అనే గాలి సంచీ ఒత్తుతూ ఇంటికి తెచ్చి, అక్కడ గొట్టం తీసేసిన రోగి ఊపిరాడక పడే అవస్థ కూడా పెద్దనాన్నగారికి తెలియాలి. అలాగని "ఏదీ ఆపొద్దు" అన్నది కూడా వైద్యం కాదు. డాక్టరుతో గడువు పెట్టుకోండి: ఇంకో మూడు నాలుగు రోజులు ఏ లోటూ లేకుండా అన్నీ చేద్దాం, బీపీ మందు, మూత్రం, ఆక్సిజన్, లాక్టేట్, నేను చెప్పిన ఆ నాలుగూ ఎటు నడిచాయో చూసి ఆ రోజు మళ్ళీ కూర్చుందాం అని. మెరుగవుతుంటే ఎన్ని వారాలైనా ఓపిక పట్టవచ్చు. పది రోజులు దాటితే గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం మార్చే ట్రాకియాస్టమీకి డాక్టర్లు మీ అనుమతి అడగవచ్చు, దాన్ని చూసి కంగారుపడకండి, నోట్లో గొట్టం లేకపోతే మత్తు తగ్గించడం తేలికవుతుంది, తరువాత తీసేస్తారు.

అన్నీ చేసినా అవయవాలు ఒకదాని వెనుక ఒకటి పడిపోతూ ఉంటే, అప్పుడు అడగాల్సింది "మనం ఏం చేయాలనుకుంటున్నాం" అని కాదు, "ఆయనే లేచి కూర్చుని చూస్తే ఏం కోరేవారు" అని. ఎవరైనా మంచాన పడ్డప్పుడు ఆయన అన్న మాటలు మీ అమ్మగారికి గుర్తుంటాయి, ఆవిడను అడగండి. మీ ఉత్తరంలో ఆవిడ ఊసే లేదు. ఫలితం లేని జీవాధార చికిత్సను ఆపడానికి సుప్రీంకోర్టు 2018 మార్చి తీర్పుతో దారి ఇచ్చింది, 2023 జనవరిలో దాన్ని సులభం చేసింది. ఆస్పత్రిలో ఒక వైద్యుల బోర్డు చూసి, దానిపై మరో బోర్డు నిర్ధారించి, కుటుంబం ఒప్పుకుంటే బాధ తెలియకుండా మందులిస్తూ యంత్రాలు ఆపవచ్చు. ఆ దశ రాకపోవచ్చు. వస్తే, దొంగచాటుగా అంబులెన్సు ఎక్కించాల్సిన అవసరం లేదని తెలిసి ఉండటం మంచిది.

రేపు డాక్టర్లు కుటుంబంతో కూర్చునే కౌన్సెలింగులో మీరొక్కరే మాట్లాడండి, మిగతావాళ్ళు వింటారు. అదే సమయానికి తమ్ముణ్ణి ఫోనులో ఉంచండి, అప్పుడు రాత్రి మళ్ళీ మీరు అన్నీ అప్పజెప్పే పని తప్పుతుంది. స్కాన్ ప్రశ్న ముందు అడగండి, తరువాత డయాలసిస్ కారణం, ఆ తరువాత ఖర్చు లెక్క. ఇంజక్షన్ సీసాలూ మాత్రల పట్టీలూ పాత రిపోర్టులూ మర్చిపోకండి. రాత్రి కాపలాకు మీ పెద్దనాన్నగారి అబ్బాయి ఎవరైనా ఉంటే వంతులు వేసుకోండి. జవాబులు వచ్చాక నాకు మళ్ళీ రాయండి.